కడుపు లేని ఫిడేలు

హడర్స్‌ఫీల్డ్‌లో రైలు వంతెన కింద మా దుకాణం.
పైన మాంచెస్టర్ బండి పోయినప్పుడల్లా
గోడకి వేలాడే ఫిడేళ్లన్నీ
ఎవరో పిలిచినట్టు ఊఁ అంటాయి.
ఒక్కటి మాత్రం అనదు.

నిన్న టామ్సిన్ తెచ్చి బల్ల మీద పడేసి పోయింది దాన్ని.
నల్లటి కర్ర, నాలుగు తీగలు,
తిని వదిలేసిన చేప ముల్లులా.
"ఒకటే హోరు. శనివారం కచేరీ" అంది.
ఇవాళ గురువారం.

ఓలరెన్‌షా గారు కంటితోనే దాన్ని తూచారు.
నలభై ఏళ్లుగా స్ప్రూసు చెక్కని తొలిచి తొలిచి
గాలికి గదులు కట్టిన మనిషి.
"ఎముకల గూటికి నేను వైద్యం చెయ్యను"
అని టీ కప్పు పుచ్చుకుని కిటికీ దగ్గరికి పోయారు.
నేనే విప్పాను.

ముందు ఏ వైరూ తగిలించకుండా కమాను లాగి చూశాను.
పక్క గదిలో దోమ పాడినంత.
చెక్క ఫిడేలుకి కడుపులో మాట దాగదు.
దీనికసలు కడుపే లేదు,
మరి మాటెక్కడ?

గుర్రం కాళ్ల కింద.
బియ్యపు గింజంత పలక,
నొక్కితే కరెంటు చెమర్చే రాయి.
వంటింట్లో టక్కుమనే గ్యాస్ లైటరులోనూ
దీని చుట్టమే కూచుని ఉంటుంది.
అక్కడ ఒక్క దెబ్బ, ఒక్క నిప్పు.
ఇక్కడ తీగ వణికి సెకనుకి నాలుగొందల నలభై సార్లు నొక్కుతుంది,
నిప్పు రాలదు,
శ్రుతి పుడుతుంది.

అయితే ఆ కరెంటు మరీ బక్కది.
ఒంటరిగా స్పీకరు దాకా పంపామా,
మంద్రమంతా దారిలోనే రాల్చుకుని
రేకు డబ్బా గొంతుతో చేరుతుంది.
అందుకని గడప లోపలే
తొమ్మిది వోల్టుల బ్యాటరీ తిని బతికే చిన్న సర్క్యూటొకటి
చెయ్యి పట్టుకుని వాగు దాటిస్తుంది.

హోరు సంగతి సాయంత్రానికి తేలింది.
జాక్ లోహం మీద వేలు పెడితే తగ్గేది,
తీస్తే మళ్లీ మొదలు.
ఊళ్లో ప్రతి గోడలోనూ పారే కరెంటు
సెకనుకి యాభై సార్లు గునిసే గునుపు అది.
దాన్ని మట్టిలోకి సాగనంపాల్సిన తీగ తెగి,
నా వేలు కాసేపు ఆ ఉద్యోగం చేసింది.
టంకం పెట్టాను. బొట్టు మెరిసి, మసకేసి, గట్టిపడింది.

షట్టరు సగం దించాక చూశాను.
ఓలరెన్‌షా గారు చెవి మిషన్లు రెండూ తీసి
గుగ్గిలం డబ్బాలో పెట్టారు.
దాన్ని గడ్డం కింద ఇరికించుకున్నారు.
వైరు లేదు, స్పీకరు లేదు.
కమాను మెల్లగా పోతోంది, వస్తోంది,
నాకు వినబడేది గుర్రపు వెంట్రుకల గరగర.
ఆయన కళ్లు మూసుకున్నారు.

"దవడలో మోగుతోందోయ్," అన్నారు, కాస్త గట్టిగానే,
మిషన్లు లేవు కదా.
"పళ్లలోంచి పైకి. ఈ పై తీగ విని
ఏడేళ్లయింది."

కడుపు లేదన్నానే,
అరువుకి దొరికింది దానికి.

బండి వెళ్లింది. గోడ మీదవన్నీ ఊఁ అన్నాయి.
ఆయనకి ఆ సంగతి తెలియలేదు.
నేను బిల్లు రాస్తున్నాను: తీగ ముక్క, టంకం, పన్నెండు పౌన్లు.
వెనకనుంచి అన్నారు,
"పనైపోయిందని ఆ పిల్లకి
ఇవాళే ఫోను చెయ్యకు."