మట్టి కారు

ట్యూరిన్ శివారు షెడ్డులో
ఒర్నెల్లా బొటనవేలితో గాలిని తడుముతోంది.
మట్టి ఇంకా వెచ్చగానే ఉంది.
భుజం దగ్గర వెంట్రుకవాసి ఎక్కువైందట –
గీకింది. మళ్లీ అద్దింది.

తలుపులకు పిడుల్లేవు.
ఇంజనుండాల్సిన చోట చెక్కపెట్టె, థర్మోకోల్.
వెండి పొర కప్పేసరికి మాత్రం
నిలబడ్డ చోటే నూటఎనభైలో పోతున్నట్టుంది.

ప్రదర్శనకు ముందు రాత్రి
నలుగురు బూట్లు విప్పి, మేజోళ్లతో
దాన్ని తోసుకుంటూ వేదికెక్కించారు.
తెల్లారి మైకులో ఒకాయన: "ఇదీ రేపటి కారు."
ముందు వరుస పిల్లాడు: "హారన్ ఎలా మోగుతుంది?"
మైకు గొంతు సవరించుకుంది.
ఒర్నెల్లా వంగి, వాడి చెవిలో, నోటితో మోగించింది.

సోమవారం మట్టి ఒలిచి పొయ్యిలో పెట్టారు.
ఈసారి రొట్టెల వ్యాను.
పెట్టెలాంటి బండి, గీత గీసినట్టు చేయమన్నారు.
అయినా ముక్కు కింద, ఎవరూ వంగి చూడని చోట,
ఆమె బొటనవేలు పాత మలుపే తిరిగింది.