పదకొండో గడి

మంగళారం పోస్టులో వచ్చింది కబురు.
చిన్న మ్యూజియాలకు సాయం చేస్తారంట,
గాజు బీరువాలకు, లైట్లకు, చెదల మందుకు.
ఇరవై ఎనిమిదో తేదీ సాయంత్రం అయిదుతో సరి.
కవరు చింపింది నా జెరాక్సు అంగట్లోనే,
ఎవరిదో రేషన్ కార్డు నకలు తీస్తా తీస్తా.
సంఘానికి కార్యదర్శి నేనే, కోశాధికారీ నేనే.
తాళంచెవి నా మెళ్ళో, పసుపుతాడు పక్కన.

పలమనేరులో మా మ్యూజియం యాడంటే
చెప్పేదానికి రెండు మలుపులూ ఒక గుర్తూ కావాల.
పాత పట్టుగూళ్ళ మార్కెట్టు, వెనకపక్క రెండు గదులు.
వానొస్తే ఇప్పటికీ గోడల్లోంచి
పట్టుగూళ్ళ పచ్చివాసన లేస్తాది.
దాన్ని ఎవురూ విరాళం ఇయ్యలేదు,
మేం రాకముందే ఉన్నింది.

ఫారం తీసుకోని కూర్చున్నా.
ఒకటి, సంస్థ పేరు. రాసినా.
రెండు, స్థాపకుడు, ప్రస్తుత చిరునామా.
చెంగల్రాయ సారు, డ్రాయింగు మాస్టరు.
పాత ఇనుము లారీని నడిరోడ్డులో నిలిపి
బెల్లం వండే కొప్పెర కొన్నాడు, పింఛను డబ్బుల్లో సగం పోసి.
తక్కిన సగం సంగతి వాళ్ళింట్లో ఇప్పటికీ ఎత్తరు.
ఆయన పోయి మూడేండ్లు.
చిరునామా దగ్గర పెన్ను రొంతసేపు నిలబడింది.

నాలుగు, ఏడాదికి సందర్శకులు.
రెండొందల పన్నెండు.
అందులో నూట ఎనభై ఒక్క దినమే,
దోవలో వానకు చిక్కిన బడిపిల్లోళ్ళు.
మిగిలిన ముప్పై రెండులో మూడుసార్లు జిలానీ.
వాళ్ళ తాత జట్కా లాంతరు ఉండాది రెండో గదిలో.
చూస్తాడు, మాట్లాడడు,
చొక్కా అంచుతో తుడిచి పోతాడు. నన్ను తుడవనీడు.

ఆరు, వస్తువు విలువ, రూపాయల్లో.
కొప్పెరకు కేజీ లెక్క ఉండనే ఉంది.
అంగడి వీధి సత్యవతమ్మ ఇచ్చిన అప్పుల పుస్తకానికి ఎంతని రాసేది?
తీరని బాకీలన్నీ కూడినా:
నాలుగువేల మూడొందల పదకొండు రూపాయల ఆరణాలు.
అదే ఏసినా.

కాగితం అడుగున ఇంకో అవకాశం, చిన్నక్షరాల్లో.
చినిగిన కాగితాలు కాపాడే విద్య, మూడు దినాల శిక్షణ,
కూడూ గూడూ వాళ్ళదే.
మా ఆయన "పోయిరా, అంగడి నేను చూసుకుంటా" అన్నాడు,
మిషన్లో పేపరు ఎట్ల పెడతారో తెలీకుండానే.
నవ్వినా గానీ
ఆ రాత్రి పెట్టెలోంచి సంచి దించి దులిపి పెట్టినా.

పది, ముఖ్యమైన వస్తువు.
వీరగల్లు. చేతిలో కత్తి, కాళ్ళకాడ ఆవు,
పైన ఇద్దురు ఆడోళ్ళు రెక్కలు పట్టుకోని తోడుకపోతా ఉండారు.
నలభై ఏండ్లు మునెక్క పెరట్లో గుడ్డలుతికే బండ అది.
బోర్లా పడి ఉన్నింది కాబట్టి మొగం అరగలా.
సారు తిరగేసినప్పుడు మునెక్క నోట మాటలేదు,
తర్వాత మెల్లిగా అనింది,
"ఇన్నేండ్లూ ఈయప్ప వీపు మీదనా కొట్టినాను?"
బదులుగా కుప్పం రాయి కొత్త బండ ఇచ్చినాము.
తీసుకునింది. ఒక మాట పెట్టింది:
"మొగం మీరు పెట్టుకోండి. వీపు నాది."

అందుకే సుక్రవారం సుక్రవారం చెంబుతో వస్తాది.
రాయి వెనక్కి పోయి వీపు మీద నీళ్ళు పోస్తాది.
దినామూ తడిసిన రాయి, ఒక్కపారిగా ఎండబెడితే బీటలియ్యదా
అంటాది.
దేనికీ జవాబు చెప్పే సారు దీనికి చెప్పలేకపోయినాడు.

నిబంధన ఏడు: వస్తువులను నీటికి దూరముగా ఉంచవలెను.

పదకొండో గడి, వస్తువు స్థితి.
బాగున్నది, దెబ్బతిన్నది, మరమ్మతు అవసరము.
మూడిట్లో ఒకదానికే టిక్కు పెట్టాలంట.
అంగడికి అర్ధం షట్టరు దించి, పోయి చూసొచ్చినా.
ఈ పొద్దు సుక్రవారం.
చెయ్యి పెట్టినా, చెయ్యి చల్లబడింది.

వచ్చి, టిక్కు పెట్టకుండా, గడి దాటిపోయేట్టు రాసినా,
తడిగా ఉంది.