తుమ్ము మింగినవాడు

ఎనుమాముల మార్కెట్ నుంచి
నేరుగా వచ్చినట్టున్నాడు ఓదేలు.
వరంగల్ పెద్దాసుపత్రి స్కానింగ్ గదిలోకి
అతని అంగీతో పాటు మిరపఘాటు వచ్చింది.
నేను తుమ్మాను. సిస్టర్ తుమ్మింది.
తలుపు దగ్గర వార్డుబాయ్ వరసగా మూడు తుమ్మాడు.
బల్ల మీది పిల్లవాడొక్కడే
ముక్కు రెండు వేళ్లతో నొక్కిపట్టి
తుమ్ముని మింగేశాడు.
కళ్లు నిండి చెవుల్లోకి కారాయి.

అప్పుడే సగం తెలిసింది నాకు.

"భుజం నొత్తాందంటాండు మేడం, ఎడమది.
గుంజి కట్టు కడితే పోదా?"
చీటీ మీదా భుజమే రాసుంది.
ఎక్స్‌రేలో భుజం నిక్షేపంగా ఉంది.
ఎముక, తనని అడగని ప్రశ్నకు
జవాబు చెప్పదు.

"మణిదీప్, బస్తాలెక్కినవా?"
వాడు నాన్నను చూశాడు. నాన్న గోడను చూశాడు.
"ఆరో వరస దాక. జారి
తోపుడుబండి కమ్మి మీద పడ్డ. కడుపుకు తాకింది.
నాన్నకు చెప్పకు."
నాన్న అక్కడే ఉన్నాడు.

జెల్లు చల్లగుంటదని ముందే చెప్పి రాశాను.
పక్కటెముకల సందులో ప్రోబు ఆనిస్తే
ఊపిరి బిగబట్టాడు.
మా తెర మీద నలుపంటే తడి.
మూత్రాశయం నల్లగా ఉండాలి, ఉంది.
ఎడమ మూత్రపిండం పైన, ఏమీ ఉండకూడని చోట
కొడవలి అంచులా ఇంకో నలుపు.
గోరంతే.
మళ్లీ చూశాను. మళ్లీ ఉంది.

సీటీకి తీసుకుపోతుంటే అడిగాడు,
సూదిమందు మంటా అని.
"ఒళ్లంత వెచ్చగైతది."
"మిరపకాయ లెక్కనా?"
"చాయ్ లెక్క."

మూడింటికి బొమ్మలొచ్చాయి.
ప్లీహం మీద అడ్డంగా చీలిక.
ఓదేలుకు ప్లీహమంటే ఏం చెప్పను?
చీటీ వెనక గీశాను. తలూపాడు,
అర్థం కానప్పుడు ఊపినట్టు.
కొంచెం సేపటికి తనే అడిగాడు,
"మటన్ కొట్టుకాడ తిల్లి అంటరు. అదేనా?"
అదే.
"అది మస్తు మెత్తగుంటది మేడం.
వేలు పెడితే దిగుతది."
అని, తన వేలు చూసుకున్నాడు.

బీపీ నిలబడి ఉంది, ఇప్పుడే కొయ్యం,
గంటగంటకూ చూస్తుందామన్నారు సర్జన్ సారు.
కత్తి లేని వైద్యం ఓదేలుకు నమ్మబుద్ధి కాలేదు.
"ఊకె చూసుడేనా?"
ఊకె చూసుడే. కదలనియ్యకుండా.

తెల్లారి వార్డు మీదుగా పోతూ చూశాను.
అంగీ పంపు కింద పిండి కిటికీకి ఆరేసి
బనీను మీదే కూర్చున్నాడు,
మాఘమాసపు చలిలో,
కొడుకు ముక్కుకి దూరంగా
చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని.