తాలు కాయలు ఎవరివి

చేబ్రోలు దారిలో మా ప్రార్థన గదికి
రేకుల కప్పు, ఒకటే ట్యూబులైటు.
పగలంతా గుంటూరు మిర్చి యార్డులో
కాటా పక్కన చీటీలు రాసి
రాత్రి ఆ లైటు కింద
ఓబేదు మామకు ఎదురుగా కూర్చుంటాను.
ఇద్దరికీ కలిపి ఒకే పుట.

తల్మూదు పుట ఎప్పుడైనా చూశారా?
నడుమ నాలుగు వాక్యాలు రాశి పోసి ఉంటాయి.
చుట్టూ సన్నటి అక్షరాలు గొంతుక్కూర్చుని
వెయ్యేళ్లుగా బేరమాడుతుంటాయి.
ఎవరూ లేచి వెళ్లరు.
ఎవరూ ధర ఒప్పుకోరు.

నాకు తొందర.
నాలుగు నెలల్లో అరవై పుటలు,
టిక్కీల్లా లెక్కపెట్టి నోటుబుక్కులో గీతలు కొట్టాను.
మామ పదకొండు రాత్రులు
ఒక్క ‘అయితే’ దగ్గర ఆగిపోయాడు.
“పై కాయ చూసి ధర కట్టే వ్యాపారి
ఎన్నాళ్లు బతుకుతాడ్రా?
చెయ్యి సంచి అడుక్కి పోవాలి.
మోచేయి దాకా మండాలి.”

నేనేదైనా అంటే ముందు నా వైపే వాదిస్తాడు,
నాకంటే బాగా.
గెలిచాననుకుని నేను మంచినీళ్లు తాగేలోపు
ఆ మాటనే చీల్చి, గింజలు దులిపి
తొడిమ నా చేతిలో పెడతాడు.

మార్చిలో ఎలీయాబు వచ్చాడు,
బొంబాయిలో నాలుగేళ్లు చదువుకుని.
ఏ పుట అడిగినా కళ్లు మూసుకుని
గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు.
ఆడవాళ్లు చెంగులతో కళ్లద్దుకున్నారు.
మనలో మహా పండితుడు పుట్టాడన్నారు.
నేనూ అన్నాను.

మామ మాత్రం చెవి గోక్కుంటూ
“బాబూ, ఒక్క మాట.
సంచి పిగిలి దారంతా కాయలు రాలాయి.
ఏరుకున్నవాళ్లవా, సంచి వాడివా?”

ఎలీయాబు ఆరుగురు ఆచార్యుల పేర్లు చెప్పాడు.
ఇంత చోటులో ఇంత కొలత పడితే ఒక తీర్పు,
కాస్త ఎక్కువైతే ఇంకోటి.
అన్నీ సరిగ్గానే చెప్పాడు.

గుమ్మంలో, చెప్పుల పక్కన, సారెమ్మ.
యార్డులో తాలు కాయలు ఊడ్చే ముసలిది.
కూలి పుస్తకంలో వేలిముద్ర వేసేది.
“వెనక్కి చూశాడా?” అంది.

ఎవరు?

“సంచి వాడు.
ముప్పై ఏళ్ల నుంచి ఊడుస్తన్నా, నాకు తెలవదా.
రాలిందని తెలిసీ తల తిప్పకుండా పోయాడంటే
వదులుకున్నట్టే. అప్పుడది నా చీపురుది.
ఒక్కసారి తిరిగి చూశాడా,
వాడి మనసింకా ఆ కాయల మీదే ఉంది.
గుప్పెడైనా ముట్టను.”

ట్యూబులైటు చిటచిటలాడింది.
పుట అడుగున, సన్నటి అక్షరాల్లో
పదకొండు రాత్రులు మామ దేవులాడింది అదే మాట:
ఆశ వదులుకోవడం.

మామ లేచి నిలబడ్డాడు.
మోకాళ్ల నొప్పుల మనిషి,
పెద్దలొస్తే లేచినట్టు, గోడ పట్టుకుని.
ఎలీయాబు కొంచెం ఆలస్యంగా లేచాడు,
చెవులు ఎర్రబడి.
వెళ్లి, ఆ చెప్పుల పక్కనే చతికిలబడి
“అమ్మా, రాలిందనే వాడికి తెలియకపోతే?
తెలిసుంటే ఎటూ వదులుకునేవాడే అయితే?”

అప్పుడు చూడాలి మామ ముఖం.
వంద పుటల అప్పజెప్పుడుకి కదలని ముఖం.

సారెమ్మ చాలాసేపు చీర అంచు నలిపింది.
“తెలవదు నాయనా” అంది.
మామ ఆ మాటకీ తలవంచాడు.

ఆ రాత్రి నోటుబుక్కులో గీత కొట్టలేదు.

మర్నాడు యార్డులో
హమాలీ వీపు మీద తేజ రకం సంచి పిగిలింది.
ముందు నడుస్తున్న రైతు తల తిప్పాడు.
కళ్ల నిండా నీళ్లు.
కాయల్ని చూశాడో,
ఘాటుకి కళ్లు తుడుచుకున్నాడో.
సారెమ్మ చీపురు గాల్లో ఆగింది.
నేను కాటా చీటీ తిరగేసి
వెనక రాసుకున్నాను, రాత్రికి.