పంటికింద ఇసుక

ఏబ్రో నది సముద్రం దాకా వస్తుంది గానీ
ఒట్టి చేతులతో వచ్చిన చుట్టంలా
గడపలోనే నిలబడిపోతుంది.
నీళ్లు తేటగా, అడుగు కనిపించేంత.
ఆ తేటదనమే జబ్బు అని
మొదటిరోజే చెప్పింది మా ప్రొఫెసర్ ఎవులాలియా.
తేవలసిన ఒండ్రంతా ఎగువన
ఆనకట్టల వెనక పేరుకుని ఉంది,
తాళంచెవి పోయిన భోషాణంలో బట్టల్లా.

నా పని చిన్నది.
రెండొందల కిలోల ఇసుకకి నారింజరంగు పట్టించి,
ఆరబెట్టి, జల్లించి,
మార్చిలో ఒక మబ్బు తెల్లవారుజామున
నది మొగలో వదిలాను.
ఆ తర్వాత ఎనిమిది నెలలు
తీరం పొడుగునా గొట్టాలు గుచ్చి ఇసుక తీయడం,
చీకటిగదిలో నీలిదీపం కింద
రేణువు రేణువూ వెతకడం.
ఇసుక వేస్తే రాలనంత జనం అంటారే,
ఇక్కడ జనం లేరు,
వేసిన ఇసుక ఎక్కడ రాలిందో తెలియదు.

కంప్యూటర్ నైరుతి అంది.
నైరుతికే పోయాను, పొడవాటి తిప్ప కొసదాకా.
నూట పన్నెండు సంచులు.
పదిహేడు రేణువులు.

బస రెమేయ్ ఇంట్లో.
ఆవిడకి పధ్నాలుగు వరికయ్యలు,
అందులో అయిదు సముద్రంలో ఉన్నాయి.
ఆ అయిదింటికీ నీటితీరువా కడుతూనే ఉంది.
ఎందుకండీ అంటే
"మానేస్తే ఇచ్చేసినట్టేగా."
పొయ్యి పక్కన గోడకి డెల్టా పటం,
దానిమీద ఏటేటా పెన్సిల్‌తో గీసిన తీరం.
నూనె మరకలు దాటుకుంటూ
ఆ గీత వంటింటివైపే నడుస్తోంది.

అక్టోబరులో పంచాయితీ హాల్లో మీటింగ్.
ఒండ్రు వదిలితే కరెంటు నష్టమని డ్యామ్ వాళ్లు,
వదలకపోతే ఊరే నష్టమని రైతులు.
ఇసుక తక్కెడా పేడ తక్కెడా మూడు గంటలు తూగాయి.
రెమేయ్ మాత్రం వెనక బెంచీలో కూర్చుని
గోళ్లలో మట్టి తీసుకుంటోంది,
తీసింది పారేయకుండా రుమాల్లో వేసుకుంటోంది.
అలవాటేమో. నేను అడగలేదు.

నవంబరు చివర, నా ఆఖరి వారం,
వెల్లుల్లి వేసి గుల్లలు వండింది.
రాత్రంతా ఉప్పునీళ్లలో ఉంచానే, ఇసుక కక్కేశాయే,
అని నొచ్చుకుంటూనే ఉంది,
నా పంటికింద కరుక్కుమంది.
మింగేయొచ్చు. మర్యాద కూడా అదే.
ఎందుకో చేతిలో ఊసి,
సంచిలోంచి దీపం తీసి,
లైటు ఆర్పాను.

బల్లగుడ్డ మీద
నారింజరంగు చుక్క, ఆవగింజలో పదోవంతు.

"ఇవి ఎక్కడ ఏరారు?"
"ఎక్కడేమిటి? నా తొమ్మిదో కయ్యలో."

తొమ్మిదో కయ్య ఈశాన్యాన ఉంది,
నడుములోతు నీళ్లలో.

అర్ధరాత్రి ఎవులాలియాకి ఫోన్ చేశాను.
ఒక్క రేణువు లెక్కలోకి రాదంది.
నీ చొక్కా నిండా ఆ రంగే,
నీ చెప్పుల్లోంచి ఆవిడ గిన్నెలోకి రాలి ఉండొచ్చు.
నిజమే. ఎనిమిది నెలలుగా
నా దుప్పటి కూడా నీలిదీపానికి మెరుస్తోంది.

రెమేయ్ అడిగింది, బరువెంత ఉంటుందని.
మా త్రాసుకి అందదన్నాను.
తీరువా రసీదులో మడిచి
ఉప్పుడబ్బా వెనక పెట్టింది.

తెల్లారి గొట్టాలు మూడుసార్లు కడిగాను.
వాళ్లాయన పాత చొక్కా వేసుకున్నాను,
ఆయన పోయాక ఎవరూ తొడగనిది, ఇసుక అంటనిది.
చెప్పులు గుమ్మంలోనే వదిలేశాను.
నీళ్లు ముందు మోకాళ్లకి, తర్వాత తొడలకి,
చలికి పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

ఒడ్డుమీద గొడుగు ఊపుతూ అరుస్తోంది రెమేయ్:
"అది ఎనిమిదోది! ఎడమకి పో, ఎడమకి!
గట్టు దాటాలి, చూసుకో,
అక్కడ గట్టుంది!"