లాకు తలుపు

కాకినాడ పరీక్ష గదిలో ఏసీ చలికి
వేళ్లు కొంకర్లు పోతున్నాయి.
పదకొండో ప్రశ్న మరీ తేలిగ్గా వచ్చింది.
గుండె జారింది.
అంటే, ఇందాకటిది తప్పన్నమాట.

మా నాన్న కాలవ మీద లస్కరు.
వెనక తలుపు బిగించి, ముందు తూము ఎత్తితే
నీళ్లు సుడి తిరుగుతూ నిండేవి,
ధాన్యం పడవ గోడవారగా లేచేది.
సరంగు పల్లయ్య మాత్రం
ఏమీ కదలనట్టే చుట్ట పీల్చేవాడు.

వెనక తలుపు పడిపోయింది. ఇక అటు వెళ్లనివ్వదు ఈ యంత్రం.
తెర మీద పేరా:
ఏ వాక్యం లాగేస్తే వాదన కూలుతుంది?
"అయితే" అన్న చోట కాలు ఆన్చాను.
నొక్కాను.

తరవాతిది
మూడుసార్లు చదివినా కొరుకుడు పడలేదు.
అయిదు జవాబులూ నిజంలాగే ఉన్నాయి.

హమ్మయ్య,
నీళ్లెక్కుతున్నాయి.