స్టాకు రిజిస్టరు, పేజీ నలభై ఒకటి

యాభయ్యేళ్ళ సంచికకి
అమెరికన్ ఫుట్‌బాల్ చరిత్ర రాసిమ్మన్నారు.
నేను రాసేవాణ్ణి కాదండీ, సున్నం పోసేవాణ్ణి.
చిక్కం వీరభద్రం, గ్రౌండు మార్కరు, రిటైరు.
నా దగ్గరున్న చరిత్రల్లా ఈ రిజిస్టరే,
అదీ చెదలు వదిలిపెట్టినంత మేరకి.

ఎనభై నాలుగు జూలై.
'ఫుట్‌బాల్ సెట్టు ఒకటి' అని ఇండెంటు పెట్టాం.
ఏ దేశపుదో మేం రాయలేదు, పైవాళ్ళు అడగలేదు.
అంబాజీపేట సెంటర్లో లారీ దింపిన పెట్టె విప్పితే
మూతికి చువ్వలున్న హెల్మెట్లు పదకొండు,
భుజాలకి కట్టుకునే డొప్పలు,
అడుగున గడ్డిలో ఒక బంతి.
ఎటు తిప్పినా గుండ్రంగా లేదు.
చాలాసేపు పెన్ను పట్టుకుని కూచుని
'బంతి ఒకటి, కోలగా ఉన్నది' అని రాశాను.

"పీచుతో ఉన్న కాయేనండీ, తోలు తొడిగారంతే"
అన్నాడు నేలపూడి ఇస్రాయేలు,
ఎమ్మే ఎకనామిక్స్, సెలవుల్లో కొబ్బరి దింపు కూలి.
అరచేత్తో ఒకసారి బరువు చూసి విసిరాడు.
గట్టు మీంచి పడవలోకి కాయలందించిన చెయ్యి అది.
బంతి సుడి తిరుగుతూ
ఫిజిక్సు డిపార్టుమెంటు మీదుగా పోయింది.
ఆయ్, నేను చూశాను.

రూల్సు పుస్తకం చదవగలిగింది
ఇంగ్లీషు లెక్చరరు సలోమీ గారొక్కరే.
అంచేత ఆవిడే కోచ్.
గొడుగు కింద నిలబడి చదివేవారు,
నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు జరగాలి,
జరిగితే మళ్ళీ నాలుగు ఇస్తారు.
ఇస్రాయేలు నవ్వాడు.
"మూడు సెంట్ల పట్టా కోసం మా నాన్న
తాలూకాఫీసుకి పదేళ్ళు తిరిగాడు మేడమ్.
నాలుగు తోపులకి పది గజాలంటే
ఇది చాలా మంచి గవర్నమెంటు."

మా గ్రౌండు ఎనభై మూడు గజాలే.
తక్కిన పదిహేడూ కాలవలో ఉండేవి.
సున్నం గీత గట్టు దాకా గీసి
అక్కణ్ణుంచి నీళ్ళకేసి చూసేవాణ్ణి.

ఆడిన పెద్ద మ్యాచి ఒక్కటే.
కాకినాడ రేవులో ఆగిన ఓడ కళాసీలు
వ్యానేసుకుని వచ్చారు, తలుపు చెక్కల్లాంటి మనుషులు.
నలభై ఒకటికి ఆరు.
ఓడిపోయాం, అది దాచను.
కానీ ఆ ఆరు ఎలా వచ్చాయో రాయాలి.

చీకటి పడే వేళ ఇస్రాయేలు విసిరాడు.
మల్లాడి గంగరాజు, వేటకెళ్ళే ఇంటి పిల్లాడు,
పరిగెత్తి పరిగెత్తి, గట్టు దాటి,
రొమ్ముల్లోతు నీళ్ళలో
వెనక్కి చూడకుండా పట్టుకున్నాడు.
చెల్లదన్నారు కళాసీలు.
సలోమీ గారు పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా తిరగేశారు.
నీళ్ళ గురించి అందులో ఒక్క ముక్కా లేదు.
లేదు కాబట్టి చెల్లుతుందన్నారు.
ఆ గొడవలో బంతి కాలవ పట్టుకుని వెళ్ళిపోయింది.
లాకుల దగ్గర కాపలావాడు
నీటికుక్క అనుకుని గెడతో కొట్టాడట.
రిజిస్టర్లో 'సొట్ట' అని ఉంటుంది, అది అదే.

తర్వాత పన్నెండేళ్ళు ఏవో ఆడారు,
డొప్పల తోళ్ళు ఎలకలు తిన్నాయి,
సలోమీ గారికి ఏలూరు బదిలీ అయింది.
ఆ పేజీల్లో పెద్దగా ఏమీ లేదు.

తొంభై ఆరు నవంబరు.
ఆ రాత్రి రేకులు కత్తుల్లా ఎగురుతున్నాయి.
హాస్టలు కుర్రాళ్ళు స్టోరు తలుపు బాదారు.
ఇండెంటు లేదు, సంతకం లేదు.
పదకొండు హెల్మెట్లు తగిలించుకుని
పాకల వైపు పోయారు.
తెల్లారాక, పడిపోయిన కొబ్బరి చెట్ల మధ్య నుంచి
ఒక ముసలావిడ నడిచొచ్చింది,
చువ్వల వెనక మొహం, చంకలో మేకపిల్ల.
ఆ హెల్మెట్టూ ఆవిడ తిరిగివ్వలేదు.
నేనూ అడగలేదు.

మార్చిలో ఆడిటరు వేలు పెట్టి చూపించాడు,
ఈ పదకొండూ ఏవయ్యా?
కాలమ్ చిన్నది.
'గాలివానకు ఇచ్చితిని' అని రాసి
తారీఖు వేశాను.